కారుతో వచ్చిన నావిగేషన్ మ్యాప్‌ను అప్‌డేట్ చేయించడం దండగేనా?

నకిరేకల్_నిమ్మ
సెకండ్ హ్యాండ్‌లో 2018 మోడల్ కారు తీసుకున్నాను. టాప్ మోడల్, నావిగేషన్ లోపలే ఉంది అని అమ్మినాయన నొక్కి నొక్కి చెప్పి ధర పెంచాడు. ఇప్పుడు ఆ నావిగేషన్‌తోనే తలనొప్పి. మహబూబ్‌నగర్ బైపాస్ ఎక్కానంటే తెర మీద బాణం గుర్తు చేలల్లో పరిగెడుతుంది. చుట్టూ రోడ్డూ ఉండదు, ఊరూ ఉండదు. "వెనక్కి తిప్పండి" అని ఇంగ్లిష్‌లో ఒకటే నస. సూర్యాపేటను ఇంకా నల్లగొండ జిల్లాలోనే చూపిస్తోంది. జిల్లాలు విడిపోయింది 2016లో, కారు తయారైంది 2018లో. అంటే కారు కొత్తగా మెరుస్తున్నప్పుడే లోపల మ్యాప్ పాతది.

ఊరి పేరు కొట్టాలంటే ముందు రాష్ట్రం అడుగుతుంది, తర్వాత సిటీ, తర్వాత వీధి, తర్వాత ఇంటి నంబరు. మా అత్తగారిది వనపర్తి దగ్గర పల్లె. అక్కడ వీధికి పేరెక్కడిది? పైగా బండి కదిలితే టైపింగ్ బంద్. పక్క సీట్లో మా ఆవిడ ఖాళీగా కూర్చున్నా కొట్టనివ్వదు.

షోరూంలో అడిగితే కొత్త మ్యాప్ ఉన్న ఎస్‌డీ కార్డు వేయాలన్నారు. చెప్పిన ధరకు ఒక మాదిరి ఫోనే వస్తుంది. వేయించాలా, వదిలేయాలా? వాడినవాళ్లు చెప్పండి.

సూర్యాపేట_స్పీడు
వదిలెయ్యన్నా.

మేం జిల్లా అయి ఇన్నేళ్లయినా మీ కారు ఒప్పుకోవట్లేదంటే మాత్రం కోపం వస్తోంది.

చెట్టుకింద_మెకానిక్
కొత్త కార్డు అంటే ఇవాళ్టి రోడ్లు ఉంటాయని కాదు. సర్వే చేసి, డేటా తయారు చేసి, కార్డులోకి ఎక్కించి, షోరూం అల్మారాలోకి వచ్చేసరికి అది కూడా ఎంతో కొంత పాతబడే ఉంటుంది. ఇంకో సంగతి, ఆ కార్డు ఆ యూనిట్‌కే లాక్ అయి ఉంటుంది. దోస్తు దగ్గర కాపీ కొట్టి పెడదామంటే చదవదు. నా దగ్గరికి అలా కాపీలు పట్టుకుని వచ్చినవాళ్లు చాలామంది.

ముందు ఒకటి చెప్పు. ఆ స్క్రీన్‌లో ఆండ్రాయిడ్ ఆటో, అంటే ఫోన్ మ్యాప్‌ను కారు తెర మీద చూపించేది, ఉందా? 2018 టాప్ మోడల్ అంటే ఉండే అవకాశం ఎక్కువ.

పాలమూరు_ట్యాక్సీ
అందరూ కారు నావిగేషన్‌ను తిట్టేముందు నా మాట కూడా వినండి. బతుకుతెరువే డ్రైవింగ్ నాకు. పాలమూరు నుంచి హైదరాబాద్ ఎయిర్‌పోర్టుకు, కర్నూలుకు, శ్రీశైలానికి తిరుగుతుంటాను. సొంత బండిలో ఫోనే వాడతాను, కానీ ఓనర్ల బండ్లు నడిపినప్పుడు లోపలి నావిగేషన్ కూడా చూశాను. మంచి ఉంది, చెడు ఉంది.

మంచి ఏంటంటే, ఆరాంఘర్ దగ్గర పీవీ ఎక్స్‌ప్రెస్‌వే ఉంది కదా, మెహదీపట్నం దాకా 11 కిలోమీటర్ల పైనే. మీరు ఫ్లైఓవర్ మీద ఉన్నారో కింద ఉన్నారో ఫోన్‌కు తరచూ అర్థం కాదు. పైన పోతుంటే "ఎడమకు తిరగండి" అంటుంది. తిరిగితే గాల్లోకే. కింద పోతుంటే పిల్లర్ల మధ్య సిగ్నల్ తప్పి బాణం పక్క గల్లీలోకి దూకుతుంది. కారు లోపలిది అక్కడ నిలకడగా ఉంటుంది.

చెడు మీకందరికీ తెలిసిందే. కస్టమర్ వాట్సాప్‌లో లొకేషన్ పంపుతాడు. దాన్ని కారు తెరలోకి ఎలా ఎక్కించాలి? చూసి మళ్లీ కొట్టుకోవాలి. అప్పటికి కస్టమర్ ఇంకో బండి మాట్లాడుకుంటాడు.

హాలియా_టీచర్
పైన ట్యాక్సీ అన్న చెప్పిన పనే నేను చేశాను. చుట్టాలు లొకేషన్ పంపితే అందులోని అంకెలు చూసి కారులో కొట్టాను. తీసుకెళ్లి ఎవరిదో పత్తి చేను దగ్గర నిలబెట్టింది. ఆ అంకెల మీద అప్పటినుంచి నాకు నమ్మకం లేదు.

గొలుసు_కొలత
టీచర్ గారూ, అంకెలు కరెక్టే అయి ఉంటాయి. వాటిని రాసే పద్ధతులు రెండున్నాయి, చిక్కంతా అక్కడే. నేను సర్వే శాఖలో పనిచేసి రిటైరయ్యాను, కాబట్టి కాస్త వివరంగా చెబుతాను, ఓపిక ఉన్నవాళ్లు చదవండి.

ఫోన్ పంపేది దశాంశ డిగ్రీల్లో ఉంటుంది. నల్లగొండ టౌన్ సుమారు 17.05 ఉత్తరం, 79.27 తూర్పు. చాలా కార్లలో, పాత నావిగేషన్ డబ్బాల్లో డిగ్రీలు, నిమిషాలు, సెకన్లు అని విడివిడి గళ్లు ఉంటాయి. మనం 17 డిగ్రీలు 05 నిమిషాలు అని కొట్టేస్తాం. డిగ్రీకి 60 నిమిషాలు కాబట్టి 17.05 అంటే నిజానికి 17 డిగ్రీల 3 నిమిషాలు. అక్షాంశంలో నిమిషం అంటే 1.85 కిలోమీటర్లు. అంటే అక్కడికే 3.7 కిలోమీటర్లు ఉత్తరానికి జరిగాం. రేఖాంశం ఇంకా ఘోరం. 79.27 అంటే 79 డిగ్రీల 16 నిమిషాలు చిల్లర. దాన్ని 27 నిమిషాలని కొడితే దాదాపు 19 కిలోమీటర్లు తూర్పుకు పోతాం. నల్లగొండకు పోవాల్సినవాడు సూర్యాపేట దారి పడతాడు.

సెట్టింగ్స్‌లో దశాంశ డిగ్రీలు అనే ఎంపిక ఉందేమో చూడండి. లేకపోతే చుక్క తర్వాతి భాగాన్ని 60తో గుణించుకోండి, నిమిషాలు వస్తాయి.

సూర్యాపేట_స్పీడు
చుట్టాలింటికి పోవడానికి పదో తరగతి లెక్కలు కావాలా సారూ.

హాలియా_టీచర్
@గొలుసు_కొలత, పిల్లలకు డిగ్రీలు, నిమిషాలు చెప్పేది నేనే. కారు గళ్లలో అదే లెక్క ఉందని చూడలేదు, థాంక్స్ సార్. ఇది రేపు క్లాసులో చెప్పాల్సిందే.

డిండి_దారి
ఆ అంకెలు వద్దని పేరు కొడితే ఇంకో తమాషా. మా ఊరు డిండి. ప్రాజెక్టు ఉన్న డిండి, హైదరాబాద్-శ్రీశైలం రోడ్డు మీద. ఎవరైనా సిటీ నుంచి వస్తూ డిండి అని కొడితే ఫోన్ ముందు కోనసీమ డిండిని చూపిస్తుంది. అక్కడ రిసార్టులున్నాయి కదా, ఆ ఊరికే గిరాకీ. పెళ్లి పత్రికలతో పాటు లొకేషన్ కూడా పంపడం మొదలుపెట్టాం. అయినా మా బావమరిది స్నేహితుడు విజయవాడ రోడ్డులో పంతంగి టోల్ దాటాక ఫోన్ చేసి "కృష్ణా, గోదావరి రెండూ దాటాలా" అని అడిగాడు.

నకిరేకల్_నిమ్మ
@డిండి_దారి నవ్వలేక చచ్చాను. మహబూబ్‌నగర్, మహబూబాబాద్ దగ్గర కూడా ఇదే గొడవ. మా ఆఫీసులో ఒకాయన మూడు అక్షరాలు కొట్టి పైన వచ్చింది నొక్కేస్తాడు.

@చెట్టుకింద_మెకానిక్, ఆండ్రాయిడ్ ఆటో ఉంది అని మెనూలో చూపిస్తోంది. కేబుల్ పెడితే ఫోన్ చార్జింగ్ ఎక్కుతుందే తప్ప స్క్రీన్ మీద ఏమీ రావట్లేదు.

చెట్టుకింద_మెకానిక్
కేబుల్ మార్చు. నూటికి తొంభై కేసులు అదే. రోడ్డు పక్కన దొరికే చవక కేబుళ్లలో చార్జింగ్ తీగలే ఉంటాయి, డేటా తీగలు ఉండవు. ఫోన్‌తో వచ్చిన ఒరిజినల్ కేబుల్ పెట్టి చూడు. కారులో రెండు యూఎస్‌బీ రంధ్రాలుంటే ఒకటి చార్జింగ్‌కే, రెండోది డేటాకు, అది కూడా చూసుకో.

అచ్చంపేట_అడవి
ఫోన్ ఫోన్ అని అందరూ అంటున్నారు, మన్ననూర్ చెక్‌పోస్టు దాటాక మాట్లాడండి. అక్కడి నుంచి ఫర్హాబాద్, వటవర్లపల్లి, దోమలపెంట దాకా చాలా చోట్ల సిగ్నల్ గుండు సున్నా. ఫోన్‌లో మ్యాప్ బూడిద రంగు గళ్లుగా మారిపోతుంది. కారు లోపలి నావిగేషన్ మాత్రం హాయిగా నడుస్తుంది. మ్యాప్ కార్డులోనే ఉంది కాబట్టి. నల్లమలలో రోడ్లేమీ కొత్తగా పుట్టుకురావు, పాత మ్యాప్ అయినా చాలు.

పాలమూరు_ట్యాక్సీ
అచ్చంపేట అన్నా, ఆ రోడ్డుకు నావిగేషన్ ఎందుకు అసలు? ఒకటే రోడ్డు. తప్పిపోదామన్నా తప్పిపోలేం.

అచ్చంపేట_అడవి
ఎంత దూరం ఉంది, ముందు మలుపు ఎలాంటిది అన్నది తెలియాలి కదా. మలుపు దగ్గర కోతులకు అరటిపళ్లు వేస్తూ బండి ఆపేవాళ్లు ఉంటారని ఏ మ్యాపూ చెప్పదు, అది వేరే విషయం.

గొలుసు_కొలత
ఇక్కడ ఒక అపోహ తరచూ వస్తుంది. జీపీఎస్‌కు ఇంటర్నెట్ అక్కర్లేదు. సిమ్ కూడా అక్కర్లేదు. ఉపగ్రహాలు పంపే సంకేతాలను ఫోన్ వింటుంది, అంతే. కనీసం నాలుగు వినబడితే మనం ఎక్కడున్నామో లెక్క కడుతుంది. ఇప్పటి ఫోన్లు అమెరికా జీపీఎస్ ఒక్కటే కాక రష్యా గ్లోనాస్, యూరప్ గెలీలియో, చైనా బైడౌ కూడా వింటాయి. కొన్నింటిలో మన నావిక్ కూడా ఉంది. నల్లమలలో పోయేది మ్యాప్ బొమ్మే, మన ఉనికి కాదు.

కాబట్టి బయల్దేరే ముందు ఇంట్లో వైఫై మీద ఆ ప్రాంతం మ్యాప్ దించుకోండి. గూగుల్ మ్యాప్స్‌లో ఆఫ్‌లైన్ మ్యాప్స్ అని ఉంటుంది. అలా దించుకున్నది కొంతకాలానికి గడువు తీరిపోతుంది, మధ్యమధ్యలో అప్‌డేట్ చేసుకోవాలి. ఆర్గానిక్ మ్యాప్స్, ఓస్మ్‌అండ్ లాంటివి ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ డేటాతో నడుస్తాయి. వాటిలో మ్యాప్ మొత్తం ముందే ఫోన్‌లో ఉంటుంది. ఆఫ్‌లైన్‌లో ట్రాఫిక్ తెలియదు, అదొక్కటే లోటు.

ఇంకో మాట. ఫోన్‌ను అడవిలోకి వెళ్లాక ఆన్ చేయకండి. నెట్ ఉంటే ఉపగ్రహాల తాజా వివరాలు నెట్ నుంచి క్షణాల్లో వస్తాయి. లేకపోతే ఉపగ్రహం దగ్గరి నుంచే దించుకోవాలి. ఒక్కో ఉపగ్రహం తన వివరాలను 30 సెకన్లకోసారి తిప్పి తిప్పి పంపుతుంది. మధ్యలో చెట్లు అడ్డం వస్తే మళ్లీ మొదటికి. కల్వకుర్తిలో టీ తాగేటప్పుడే మ్యాప్ తెరిచి పెట్టుకోండి.

డిండి_దారి
కల్వకుర్తిలో ఎందుకు సార్, మా డిండిలో తాగండి టీ.

గద్వాల_జరీ
మీరంతా పగటి ప్రయాణాల గురించి మాట్లాడుతున్నారు. నేను పిల్లలతో ఒక్కదాన్నే డ్రైవ్ చేస్తాను, గద్వాల నుంచి మిర్యాలగూడలో మా అమ్మ వాళ్లింటికి. నాకు ఫోన్ మ్యాప్ మీద ఉన్న ఫిర్యాదు కొత్త రోడ్లు తెలియకపోవడం కాదు, అన్ని రోడ్లూ తెలియడం. పది నిమిషాలు మిగులుతాయంటే చాలు, హైవే నుంచి దించేసి ఊళ్లలోకి తోస్తుంది. ఒకసారి చీకటి పడ్డాక సాగర్ ఎడమ కాల్వ కట్ట మీదకు ఎక్కించింది. ఒక పక్క నీళ్లు, ఇంకో పక్క పొలం, ఎదురుగా ట్రాక్టర్. రివర్స్‌లో రావాల్సి వచ్చింది. తెర మీద మాత్రం చక్కటి నీలం గీత, "మీరు అత్యంత వేగవంతమైన మార్గంలో ఉన్నారు" అని అభినందన.

మా ఆయన పాత కారులో ఉన్న నావిగేషన్‌కు ఆ కట్ట రోడ్డు ఉందనే తెలియదు. హైవే మీద ముక్కుసూటిగా తీసుకెళ్తుంది. రాత్రిపూట నాకు అదే కావాలి.

మిల్లు_మిర్యాల
అక్కా, మా వైపు కట్ట రోడ్ల మీద మేమే రాత్రి పోము. మ్యాప్‌కు రోడ్డు వెడల్పు తెలియదు. ఎవరో బైక్ మీద ఫోన్ జేబులో వేసుకుని వేగంగా పోయి ఉంటారు, రోడ్డు బాగుందనుకుంటుంది.

కోతల కాలంలో ఇంకో ముచ్చట. రోడ్డు సగం వడ్లు ఆరబోస్తారు. చుట్టూ రాళ్లు పెడతారు. రాత్రి కనబడవు. కారు మ్యాప్‌కూ తెలియదు, ఫోన్‌కూ తెలియదు. మిల్లుల దగ్గర లారీలు బారులు తీరితే మాత్రం ఫోన్ ఎర్ర గీత చూపిస్తుంది, అది నిజంగా పనికొస్తుంది.

బీటెక్_భువనగిరి
ఆ ఎర్ర గీత ఎలా వస్తుందో తెలిస్తే ఎక్కడ నమ్మాలో తెలుస్తుంది. రోడ్డు మీద పోతున్న ఫోన్ల వేగాలన్నీ కలిపి లెక్క కడతారు. హైదరాబాద్-విజయవాడ 65వ నంబరు హైవే మీద వేల ఫోన్లు ఉంటాయి కాబట్టి లెక్క కుదురుతుంది. పల్లె రోడ్డు మీద గంటకు నాలుగు బండ్లు పోతే ఏం లెక్క వస్తుంది? అక్కడ రంగు లేకపోతే రోడ్డు ఖాళీ అని కాదు, సమాచారం లేదని.

సంక్రాంతికి చూడండి. చౌటుప్పల్, పంతంగి దగ్గర జామ్ అవగానే ఫోన్ అందరికీ ఒకే అడ్డదారి చూపిస్తుంది. అరగంటలో ఆ ఊరి సందులో కూడా జామ్. ఊరి జనం అరుగుల మీద కూర్చుని చూస్తుంటారు.

సూర్యాపేట_స్పీడు
మా చిన్నమ్మ వాళ్ల ఊరు అలాంటిదే. సంక్రాంతికి చాయ్ బండి పెట్టారు.

వలిగొండ_వాగు
నా కేసు వాన గురించి. చౌటుప్పల్ నుంచి భువనగిరి పోవాలంటే ఫోన్ మ్యాప్ సంగెం మీదుగా, మూసీ మీద భీమలింగం కత్వ (చిన్న ఆనకట్ట) దగ్గరున్న వంతెన దారి చూపిస్తుంది. మామూలు రోజుల్లో మంచి దారే. పైన హైదరాబాద్‌లో వాన పడి మూసీకి నీళ్లు వదిలితే ఆ వంతెన మీద నుంచి పారుతుంది. మాకు వాన చుక్క పడదు, ఆకాశం నీలంగా ఉంటుంది, కానీ వంతెన మునిగి ఉంటుంది. బయటివాళ్లు మ్యాప్ చూసి వచ్చి నీళ్ల ముందు బ్రేకు వేస్తారు. పోచంపల్లి నుంచి బీబీనగర్ పోయే జూలూరు, రుద్రవెల్లి దగ్గర కూడా ఇదే పరిస్థితి.

నకిరేకల్_నిమ్మ
ఫోన్ మ్యాప్‌లో రోడ్డు మూసేశారని ఎవరైనా రిపోర్ట్ చేయొచ్చు కదా?

వలిగొండ_వాగు
చేయొచ్చు. చేస్తాం కూడా. మూసేశారని కనబడేసరికి కొంత టైం పడుతుంది. నీళ్లు తగ్గాక మళ్లీ తెరిచారని చెప్పేవాడు ఉండడు. ఎండ కాస్తున్నా జనం చుట్టు తిరిగి పోతుంటారు. కారు మ్యాప్‌కు ఈ రెండు బాధలూ లేవు, దానికి వంతెన ఎప్పుడూ తెరిచే ఉంటుంది.

గద్వాల_జరీ
వాగు మీద నుంచి నీళ్లు పారుతుంటే దాటకండి ఎవరూ, మ్యాప్ ఏం చెప్పినా.

కొల్లాపూర్_మామిడి
మా దగ్గర మ్యాప్ ఏకంగా కృష్ణలోకే దించుతుంది. సోమశిల నుంచి అవతలి ఒడ్డు సిద్ధేశ్వరానికి గీత గీసి చూపించింది. మేం వెళ్లినప్పుడు అక్కడ వంతెన లేదు, పడవే. హైదరాబాద్ నుంచి వచ్చిన ఒక కుటుంబం రేవు దగ్గర కారు ఆపి "ఇక్కడ హైవే ఉండాలి కదా" అని పడవ నడిపే ఆయన్ను అడుగుతున్నారు. ఆయన "ఉంటది, ఎక్కండి" అన్నాడు.

పాత_డబ్బా
ఎవరూ విడి నావిగేషన్ డబ్బా గురించి మాట్లాడట్లేదు. అద్దానికి అతికించుకునే చిన్న స్క్రీన్. నా దగ్గర ఇంకా ఉంది, ఇంకా నడుస్తోంది. దాని సుఖం మీకు తెలియదు. ఫోన్ వస్తే మ్యాప్ మాయం కాదు. వాట్సాప్ మెసేజ్‌లు తెర మీద దూకవు. వేళ్లతో నొక్కితే నొక్కినట్టు పలికే పెద్ద బటన్లు. ముఖ్యంగా మే నెల మధ్యాహ్నం నల్లగొండ ఎండలో డాష్‌బోర్డు మీద పెట్టినా అది సొమ్మసిల్లదు. మీ ఫోన్ పెట్టి చూడండి.

బీటెక్_భువనగిరి
మ్యాప్ ఎప్పటిది అందులో?

పాత_డబ్బా
అది అడగకూడదు.

పాలమూరు_ట్యాక్సీ
హహ. కానీ ఎండ మాట నూరు శాతం నిజం. ఎండాకాలం ఫోన్‌ను అద్దానికి పెడితే ముందు చార్జింగ్ ఎక్కడం ఆగుతుంది, తర్వాత వెలుతురు తగ్గిపోతుంది, తర్వాత ఫోన్ వేడెక్కిందని చెప్పి మూసుకుంటుంది. సరిగ్గా శంషాబాద్‌లో ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కే చోట మూసుకుంటుంది. నేను ఏసీ గాలి వచ్చే చోట స్టాండ్ పెట్టుకున్నాను. చల్లగాలి ఫోన్ వీపుకు తగులుతుంది. కస్టమర్‌కు కొంచెం గాలి తగ్గుతుంది, తగ్గనీ.

హాలియా_టీచర్
స్టాండ్‌లో ఫోన్ పెట్టుకుంటే పోలీసులు చలానా వేయరా? మా కొలీగ్ ఒకరు వేస్తారనే చెబుతారు.

గొలుసు_కొలత
దారి చూసుకోవడానికి మాత్రం వాడొచ్చు. కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో చేసిన సవరణ 2020 అక్టోబరు 1 నుంచి అమల్లో ఉంది. డ్రైవింగ్ మీద దృష్టి చెదరకుండా, కేవలం నావిగేషన్‌కు అని అందులో ఉంది. చేతిలో పట్టుకుని మాట్లాడితే, మెసేజ్ కొడితే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 184 కింద తప్పే. స్టాండ్‌లో పెట్టి మ్యాప్ తెరిస్తే పర్వాలేదు, అదే స్టాండ్‌లో సినిమా పెడితే కాదు.

చెట్టుకింద_మెకానిక్
స్టాండ్ ఎయిర్‌బ్యాగ్ గుర్తు ఉన్న చోట మాత్రం పెట్టకండి. డాష్‌బోర్డు మీద చిన్న అక్షరాలతో రాసి ఉంటుంది. అది పేలితే ఫోన్ ముఖానికే వస్తుంది.

కోదాడ_కొత్తకారు
నాది కొత్త కారు, నావిగేషన్ లోపలే సిమ్‌తో వచ్చింది, మ్యాప్ దానంతటదే అప్‌డేట్ అవుతుంది. కాబట్టి పైన చెప్పినవన్నీ పాత కథలు. ఒకటే ఇబ్బంది, హైవే ఎక్కగానే నావిగేషన్ టింగ్ టింగ్ అని బీప్ కొడుతుంది. ఎలా ఆపాలి?

చెట్టుకింద_మెకానిక్
తమ్ముడూ, అది నావిగేషన్ కాదు. 80 దాటావని కారు చెబుతోంది. 2019 జులై నుంచి తయారైన కార్లన్నిటికీ అది తప్పనిసరి. 120 దాటితే ఆపకుండా కొడుతుంది. ఆపే బటన్ నీ కుడికాలి కింద ఉంది.

కోదాడ_కొత్తకారు
ఓహో. సరే.

బీటెక్_భువనగిరి
@కోదాడ_కొత్తకారు, ఆ సిమ్ సేవ ఎన్నేళ్లు ఉచితమో కాగితాల్లో చూడండి. కొన్నేళ్ల తర్వాత ఏటా డబ్బు కట్టమంటారు. కట్టకపోతే మ్యాప్ అప్‌డేట్ ఆగుతుంది. అప్పుడు మీరూ నకిరేకల్ అన్న పక్కన కూర్చుంటారు. పైగా నల్లమలలో ఆ సిమ్‌కు కూడా సిగ్నల్ ఉండదు. మ్యాప్ కారులో దాచి ఉందా, అప్పటికప్పుడు నెట్ నుంచి తెస్తుందా అన్నది ముఖ్యం.

కోదాడ_కొత్తకారు
అది ఎలా తెలుస్తుంది?

బీటెక్_భువనగిరి
కనెక్షన్ ఆఫ్ చేసి, ఎప్పుడూ వెళ్లని ఊరు కొట్టి చూడండి. దారి గీస్తే ఉన్నట్టు.

వనపర్తి_వకీలు
టోల్ సంగతి ఎవరూ ఎత్తలేదు. మా తమ్ముడు ఫోన్‌లో టోల్ రోడ్లు వద్దు అని సెట్టింగ్ పెట్టి మరిచిపోయాడు. పెబ్బేరు నుంచి హైదరాబాద్ 44వ నంబరు హైవే మీద కళ్లు మూసుకుని పోవచ్చు. శాఖాపూర్, రాయికల్ టోళ్లు తప్పించాలని ఫోన్ వాణ్ని ఊరూరూ తిప్పింది. మిగిల్చిన టోల్ కంటే డీజిల్ ఎక్కువ తాగింది. ఇప్పుడు ఫాస్టాగ్ ఏడాది పాస్ తీసుకున్నాడు, 200 ట్రిప్పులు. ఇక ఆ సెట్టింగ్‌తో పనే లేదు.

మిల్లు_మిర్యాల
ఆ పాస్ జాతీయ రహదారులకే. నార్కట్‌పల్లి నుంచి మా వైపు వచ్చే అద్దంకి రోడ్డు రాష్ట్ర రహదారి, అక్కడ మామూలుగా కట్టాల్సిందే. తర్వాత టోల్ దగ్గర కొట్లాడకండి.

పాలమూరు_ట్యాక్సీ
మావి పసుపు ప్లేటు బండ్లు, మాకు ఆ పాస్ రాదు. నావిగేషన్ టోల్ లెక్క ముందే చూపిస్తే కస్టమర్‌కు చూపించి మాట్లాడుకోవచ్చు, అందుకే నాకు ఫోన్ కావాలి.

నకిరేకల్_నిమ్మ
అప్‌డేట్: కేబుల్ మార్చాను, ఆండ్రాయిడ్ ఆటో వచ్చింది! మెకానిక్ అన్నకు వంద దండాలు. ఫోన్ మ్యాప్ కారు పెద్ద తెర మీద కనబడుతోంది. ఫోన్ లోపల అరలో ఉంటుంది, ఎండ తగలదు. వాయిస్ తెలుగులో పెట్టాను. మా నాన్న వెనక సీట్లో కూర్చుని దానితో వాదం పెట్టుకున్నారు. "కుడివైపు తిరగండి" అంటే "ఎందుకు, నేరుగా పోతే గుడి పక్క నుంచి దారి ఉంది" అంటారు. ఆయన చెప్పిన దారిలో పోతే అది మళ్లీ దారి మార్చుకుంటుంది. ఆయన గెలిచినట్టు లెక్క.

ఒక సందేహం. మా తమ్ముడు కారులో ఆండ్రాయిడ్ ఆటో లేదు. బయట ఆండ్రాయిడ్ సెట్ వేయిస్తానంటున్నాడు. వేయించొచ్చా?

చెట్టుకింద_మెకానిక్
వేయించొచ్చు, కానీ వేసేవాడిని బట్టి ఉంటుంది. కారుకు సరిపోయే కప్లర్ (వైర్లు కోయకుండా కలిపే ప్లగ్గు) పెట్టి బిగించమను, వైర్లు కోసి టేపు చుట్టనివ్వకు. కోస్తే వారంటీ పోతుంది, షార్ట్ అయితే ఇంకా పోతుంది. స్టీరింగ్ బటన్లు, రివర్స్ కెమెరా పనిచేస్తున్నాయా అని డబ్బులిచ్చే ముందు చూడాలి. ఇంకా ముఖ్యం, ఆ సెట్‌తో నల్లటి చిన్న జీపీఎస్ యాంటెన్నా వస్తుంది. బద్ధకంతో దాన్ని సెట్ వెనకాలే కుక్కేస్తారు. ఇనుము మధ్య దానికి ఆకాశం ఎలా కనబడుతుంది? డాష్‌బోర్డు పైన అద్దం కింద పెట్టించు. అద్దానికి లోహం కలిసిన సన్ ఫిల్మ్ ఉంటే అక్కడ కూడా సిగ్నల్ తగ్గుతుంది.

గొలుసు_కొలత
ఇందాక పాలమూరు ట్యాక్సీ గారు ఫ్లైఓవర్ మాట అన్నారు కదా, దానికి కారణం చెప్పలేదు. కంపెనీ బిగించిన నావిగేషన్‌కు చక్రాల వేగం, మలుపు కొలిచే సెన్సర్ సమాచారం కూడా అందుతాయి. ఉపగ్రహం కాసేపు కనబడకపోయినా ఎంత దూరం, ఎటు వచ్చామో లెక్క కట్టుకుంటుంది. బయట వేయించిన సెట్‌లో సాధారణంగా ఆ సౌకర్యం ఉండదు. అంత ఖర్చు పెట్టేముందు ఇది తెలుసుకోండి.

అచ్చంపేట_అడవి
@నకిరేకల్_నిమ్మ, ఆటో వచ్చింది కదా అని శ్రీశైలం ఆఫ్‌లైన్ మ్యాప్ దించుకోకుండా బయల్దేరేవు. ఇంకోటి, అమ్రాబాద్ టైగర్ రిజర్వ్‌లో రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా బండ్లు వదలరు. మ్యాప్ మాత్రం 8.50కి కూడా "ఇంకా రెండు గంటల్లో చేరతారు" అంటుంది. మన్ననూర్ గేటు దగ్గర ఆపేస్తారు. తిరుగు ప్రయాణంలో అటు దోమలపెంట వైపు కూడా అంతే.

నకిరేకల్_నిమ్మ
మధ్యాహ్నమే దాటేలా పోతాం అన్నా. మ్యాప్ దించుకున్నాను. ఎస్‌డీ కార్డు అప్‌డేట్ క్యాన్సిల్. పాత కార్డు తీసి పడేయనా?

చెట్టుకింద_మెకానిక్
వద్దు. కొన్ని యూనిట్లు కార్డు తీస్తే ప్రతిసారీ స్క్రీన్ మీద ఎర్రర్ చూపిస్తాయి. ఉండనీ. కారు అమ్మేటప్పుడు కొనేవాడు అడుగుతాడు కూడా.

సూర్యాపేట_స్పీడు
ఆ మ్యాప్‌ను ఎవడు అడుగుతాడన్నా?

చెట్టుకింద_మెకానిక్
వాడటానికి కాదు. లేదంటే ధర తగ్గించమనడానికి.